పశ్చాత్తాపం, దీనత్వం: తిరుపతి, చిత్తూరు విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ అడిగేవి, శుక్రవారం ఉపవాస కూటంలో చీటీ మీద రాసి ఇచ్చేవి, రాత్రి పొద్దుపోయాక వాట్సాప్‌లో వచ్చేవి, అన్నీ తిరిగి తిరిగి ఇవే ప్రశ్నలు. అందుకే ఒకచోట పెట్టాను. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉన్నాయి, మనుషులు గుర్తుపట్టేలా ఉన్న వివరాలు మాత్రం తీసేశాను. అడిగేవాళ్లలో లూథరన్లు, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు, కథోలికులు, పెంతెకొస్తు, బ్రదరన్ సంఘాల వాళ్లు అందరూ ఉన్నారు కాబట్టి పద్ధతుల్లో తేడా ఉన్నచోట ఆ తేడా చెప్పాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మనసు కలుక్కుమన్న మొదటి రోజుల్లో

కూటంలో అందరూ ఏడుస్తుంటే నాకు ఒక్క చుక్క కన్నీరు రాదు. నా పశ్చాత్తాపం నిజం కాదా?

కన్నీళ్లు చాలావరకు మనిషి స్వభావాన్ని బట్టి వస్తాయి. సినిమా చూసి ఏడ్చేవాళ్లు ఉన్నారు, తండ్రి పోయినా ఏడవనివాళ్లు ఉన్నారు. బైబిల్లోనూ అంతే. పేతురు బయటికి వెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాడు. పన్ను వసూలు చేసే జక్కయ్య ఏడ్చినట్టు లూకా ఎక్కడా రాయలేదు, నిలబడి ఎవరికి ఎంత ఇస్తాడో లెక్క చెప్పాడు. ఏశావైతే పోగొట్టుకున్న ఆశీర్వాదం కోసం కన్నీళ్లు కార్చి వెదికినా ప్రయోజనం లేకపోయిందని హెబ్రీయులకు రాసిన పత్రిక 12:17 చెబుతుంది. కీబోర్డు మెల్లగా మోగుతూ, ప్రసంగికుడి గొంతు వణుకుతూ ఉంటే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ ఏడుపు సోమవారం పొద్దున ఎవరి ఇంటికి వెళ్లింది, ఏ లెక్క సరిచేసింది అనేదే నేను చూస్తాను.

నేను తప్పు చేసినందుకు బాధపడుతున్నానా, దొరికిపోయినందుకా? ఎలా తెలుసుకోవాలి?

రాజులైన సౌలు, దావీదు ఇద్దరూ ఒకే మాట అన్నారు: "నేను పాపం చేశాను." సౌలు ఆ వెంటనే సమూయేలును ఏమడిగాడో చూడండి. పెద్దల ఎదుట, ఇశ్రాయేలీయుల ఎదుట నా పరువు నిలబెట్టు అన్నాడు (1 సమూయేలు 15:30). నాతాను ప్రవక్త ఎదురుగా నిలబెట్టి అడిగినప్పుడు దావీదు పరువు ఊసెత్తలేదు, శిక్ష తగ్గించమని బేరమాడలేదు.

మీ సంగతి తెలుసుకోవాలంటే, ఆ తప్పు గుర్తొచ్చినప్పుడు ముందు ఎవరి ముఖం కళ్ల ముందుకొస్తోందో గమనించండి. నష్టపోయిన మనిషి ముఖమా, లేక నలుగురూ నవ్వుతున్న ముఖాలా? మొదట్లో రెండూ కలిసే వస్తాయి, దానికి కంగారు పడకండి. దావీదు కూడా దొరికిపోయాకే కళ్లు తెరిచాడు.

నేను చేసింది క్షమించరాని పాపమేమో అని నిద్ర పట్టడం లేదు.

మత్తయి 12లో యేసు ఆ మాట అన్న సందర్భం చూడండి. కళ్లెదురుగా గుడ్డివాడూ మూగవాడూ అయిన మనిషి బాగుపడితే, అది దయ్యాల అధిపతి చేసిన పని అన్నవాళ్ల గురించి ఆయన అన్నాడు. వాళ్లకు భయం లేదు, బాధ లేదు. మీకు రెండూ ఉన్నాయి. రాజైన మనష్షే తన కొడుకులను అగ్నిలో దాటించాడు, దేవుని మందిరంలోనే విగ్రహం నిలబెట్టాడు. సంకెళ్లతో బబులోనుకు ఈడ్చుకుపోయాక తనను తాను తగ్గించుకుని మొర పెడితే దేవుడు విన్నాడని 2 దినవృత్తాంతములు 33 చెబుతుంది.

యేసును పట్టించిన యూదా సంగతి కూడా చాలామంది అడుగుతారు. అతను తప్పు ఒప్పుకున్నాడు, ముప్పై వెండి నాణేలూ తిరిగి ఇచ్చేశాడు. అయితే ఒప్పుకున్నది తనను వాడుకున్న యాజకుల దగ్గర. వాళ్లు "దానితో మాకేమి" అన్నారు. అతను ఒంటరిగా వెళ్లిపోయాడు. పేతురు ఏడ్చి కూడా మిగతా శిష్యుల మధ్యే ఉండిపోయాడు. అందుకే ఈ భయంలో ఒంటరిగా ఉండొద్దు, నమ్మకమైన ఒక్క మనిషికైనా చెప్పండి.

ఒక్కోసారి ఎన్నిసార్లు ఒప్పుకున్నా, ఎన్నిసార్లు ప్రార్థించినా ఆ భయం మళ్లీ మొదటికి వస్తుంది. అది ఓసీడీ అనే జబ్బు కావచ్చు, దానికి వైద్యం ఉంది. తిరుపతి రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. చనిపోవాలనే ఆలోచన వస్తే వెంటనే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్లడం విశ్వాసం తక్కువై కాదు.

ముందు నేను మారి ఆ తర్వాత దేవుని దగ్గరికి రావాలా?

యేసు చెప్పిన కథలో తప్పిపోయిన కుమారుడు ఇంటికి తిరిగొచ్చే ముందు మూడు మాటలు సిద్ధం చేసుకున్నాడు. పాపం చేశాను, కొడుకు అనిపించుకోవడానికి తగను, నన్ను కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. ఇల్లు చేరాక మొదటి రెండే చెప్పగలిగాడు. కూలి మాట వచ్చేసరికి తండ్రి పనివాళ్లను పిలిచి బట్టలు తెమ్మంటున్నాడు. లూకా 15:19, 15:21 పక్కపక్కన పెట్టి చదివితే ఇది తెలుస్తుంది. జక్కయ్య విషయంలోనూ యేసు ముందు "నేడు నీ ఇంట ఉండాలి" అన్నాడు, ఆస్తి లెక్క ఆ తర్వాత వచ్చింది. ఆయన మంచితనమే మనిషిని మార్పు వైపు నడిపిస్తుందని రోమీయులకు 2:4.

తాగుడు మానలేకపోతున్నా. మానాకే చర్చికి రావాలా?

ఇప్పుడే రండి. మానలేకపోతున్నానని చెప్పుకోవడానికి అదే సరైన చోటు. ఒక్క జాగ్రత్త: ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. కూటంలో తీర్మానం చేసుకున్న మర్నాడే డాక్టర్‌ను కలిసి, ఆయన చెప్పినట్టు మానండి.

## ఒప్పుకునేటప్పుడు

పాపం దేవుడి దగ్గర ఒప్పుకుంటే చాలా? పాస్టర్ గారికో ఫాదర్ గారికో కూడా చెప్పాలా?

సంఘాన్ని బట్టి పద్ధతి మారుతుంది. తిరుపతి, చిత్తూరు ఊళ్ల కథోలికులు కడప మేత్రాసనం (బిషప్ పరిధి) కిందికి వస్తారు. వాళ్లకు పాపసంకీర్తనం ఒక దివ్య సంస్కారం. ఘోర పాపాలను కనీసం ఏడాదికోసారి గురువు దగ్గర చెప్పుకోవాలి, విన్న గురువు ఏ పరిస్థితిలోనూ బయటపెట్టకూడదు. లూథరన్, సి.ఎస్.ఐ. ఆరాధనల్లో అందరూ కలిసి పాపపు ఒప్పుకోలు చదువుతారు. తిరుపతి కేంద్రంగా ఉన్న సౌత్ ఆంధ్ర లూథరన్ సంఘం వాళ్లు కొందరు "మనకు ఫాదర్ దగ్గర చెప్పుకునే పద్ధతి లేదు కదా" అంటుంటారు. లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 11వ అంశం మాత్రం విడిగా చెప్పుకుని క్షమాపణ మాట వినే పద్ధతిని నిలుపుకోమనే చెబుతుంది. వాడుక తగ్గింది, అంతే. పెంతెకొస్తు, బ్రదరన్ వాళ్లు 1 యోహాను 1:9 పట్టుకుని నేరుగా దేవునికి చెప్పుకుంటారు. అయితే ఒకరితో ఒకరు ఒప్పుకోమనే యాకోబు 5:16 వాళ్ల బైబిల్లోనూ ఉంది.

తప్పు ఒక మనిషికి చేసి ఉంటే మాత్రం ఏ సంఘం వాళ్లకైనా ఒకటే దారి. కానుక బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు వెళ్లి సోదరుడితో సమాధానపడమని మత్తయి 5:23-24.

సాక్ష్యంలో నా పాత పాపాలన్నీ మైకు ముందు చెప్పాలా?

అక్కర్లేదు. తప్పు ఎంతమందిని తాకిందో అంతమంది ముందు ఒప్పుకుంటే చాలు. ఇద్దరి మధ్య జరిగింది ఇద్దరి మధ్య, సంఘం డబ్బు వాడుకున్నది సంఘం ముందు. ఇంకొకరి పేరో, గుర్తుపట్టే వివరమో వస్తే అది సాక్ష్యం కాదు, వాళ్ల బతుకును బజారున పెట్టడం. ఇప్పుడు ప్రతి ఆరాధనా యూట్యూబ్ లైవ్‌లో వెళ్తోంది, పదేళ్ల తర్వాత మీ కూతురి అత్తగారు కూడా ఆ వీడియో చూడగలరు. ముఖ్యంగా ఆడపిల్లలను నిలబెట్టి "అన్నీ చెప్పమ్మా, విడుదల వస్తుంది" అని ఒత్తిడి చేయడం తప్పు. అలా అడిగితే "చెప్పవలసినవాళ్లకు చెప్పాను అయ్యగారూ" అని కూర్చోవచ్చు.

పెళ్లికి ముందు సంగతి ఇప్పుడు నా భార్యకు చెప్పాలా?

ఆమె ఆరోగ్యానికి, ఇంటి డబ్బుకు, పిల్లలకు సంబంధం ఉన్నదైతే చెప్పాలి. దాచిన అప్పు, రావచ్చని అనుమానం ఉన్న జబ్బు, ఇంకొక చోట ఉన్న బిడ్డ, ఇవన్నీ ఆమెకు తెలియవలసినవి. వీటిలో ఏదీ కాక, మీ గుండె బరువు దించుకోవడానికే అయితే, ముందు నోరు జారని పెద్దమనిషి ఒకరితో మాట్లాడండి. మీకు హాయిగా నిద్రపట్టి ఆమెకు పట్టకుండా పోతే మీరు చేసింది బరువు చేతులు మార్చడమే.

పోలీసు కేసు అయ్యే తప్పు చేశాను. సంఘపెద్దలు క్షమించేశారు. ఇంక సరిపోయినట్టేనా?

సరిపోదు. సంఘం క్షమాపణ చట్టానికి బదులు కాదు. దొంగతనం, మోసం లాంటివైతే నష్టపోయినవాళ్లను, ఒక వకీలును కలిసి దారి చూసుకోండి. పిల్లల మీద లైంగికంగా చేయి వేసిన విషయమైతే అది పెద్దల రాజీతో ముగిసే సంగతి కానే కాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమూ నేరమే. పిల్లల సహాయానికి 1098 ఉంది. "దేవుని నామానికి అవమానం వస్తుంది" అని కప్పిపెట్టినవాళ్లు ఆ బిడ్డ గురించి ఆలోచించలేదని నేను నిర్మొహమాటంగా అంటాను.

## సరిచేసే చోట

దేవుడు క్షమించాడు కదా, మళ్లీ డబ్బు ఎందుకు తిరిగివ్వాలి?

ఈ ప్రశ్న చీటీల విషయంలో ఎక్కువగా వస్తుంది. చీటీ ఎత్తేసి, మిగిలిన కంతులు కట్టకుండా ఊరు మారి, కొత్త సంఘంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు అడుగుతారు.

ధర్మశాస్త్రం ఇక్కడ చాలా వివరంగా ఉంది. లేవీయకాండము 6:1-7 చదవండి. తాకట్టు, అప్పగించిన సొమ్ము, దోచుకున్నది, దొరికిన వస్తువు, ఏ విషయంలో మోసం చేసినా అసలు మొత్తం ఇచ్చి, దాని మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలి. అది ఇచ్చే రోజే బలి కూడా తేవాలి. అంటే 50,000 రూపాయలు ఎగ్గొట్టినవాడు 60,000 పట్టుకుని ముందు ఆ మనిషి గుమ్మం ఎక్కాలి. నిర్గమకాండము 22:1 ఇంకా గట్టిది. గొర్రెను దొంగిలించి కోసినా అమ్మినా నాలుగు గొర్రెలు, ఎద్దు అయితే ఐదు ఎద్దులు. జక్కయ్య "నాలుగంతలు" అన్నది ఊరికే నోటికొచ్చిన అంకె కాదు. తనకు తాను గొర్రెల దొంగకు పడే శిక్ష వేసుకున్నాడు. పన్ను వసూలుదారుడు కాబట్టి, "పద్ధతి ప్రకారమే తీసుకున్నాను" అని వాదించుకునే వీలు ఉండి కూడా.

ఇచ్చినందుకు క్షమాపణ కొనుక్కున్నట్టు అవుతుందా? కాదు. జక్కయ్య ఇస్తానన్నది యేసు అతని ఇంటికి బయల్దేరాకే. ఈ మాట చెబితే చాలామందికి ప్రాణం లేచొస్తుంది, కానీ వెంటనే "అయితే ఇవ్వకపోయినా పర్వాలేదన్నమాట" అంటారు. ఆ మాట అనగలుగుతున్నారంటే ఇంకా ఎగ్గొట్టే ఆలోచనలోనే ఉన్నారని అర్థం. కంతులు కట్టిన ఆ మిగతా సభ్యుల్లో ఒకరి కూతురి ఫీజు ఆగిపోయి ఉంటుంది. క్షమాపణ పొందినవాడికి ఆ ఫీజు గుర్తు రాకుండా ఎలా ఉంటుంది?

కట్టేటప్పుడు ఐదో వంతు కలపాలన్న రూలు ఈనాటి విశ్వాసి మీద చట్టంగా ఉందా అంటే సంఘాల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి. నా మటుకు, ఆలస్యమైన కాలానికి ఎదుటివాళ్లకు జరిగిన నష్టం కూడా లెక్కేసి ఇవ్వడం కనీస న్యాయం.

చాలా ఏళ్లు పాలల్లో నీళ్లు కలిపి పోశాను. ఇప్పుడు ఎవరికని తిరిగివ్వను?

చిత్తూరు చుట్టుపక్కల పాడి మీద బతికే ఇళ్లలో ఈ మాట విన్నాను. రేపు పొద్దున్నే ఆపేయడం మొదటి పని. తేలిగ్గా అంటున్నాను గానీ ఇది తేలిక కాదు, కుటుంబానికి నెల ఆదాయం తగ్గుతుంది. ముందు ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి చెప్పండి, ఎందుకంటే సాయంత్రం పాలు పితికేది మీరొక్కరే కాదు.

డెయిరీ కేంద్రంలో వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలల్లో ఉండే ఘనపదార్థం) చూసి డబ్బు కడతారు కాబట్టి అక్కడ మోసం చాలావరకు ధరలోనే తేలిపోయి ఉంటుంది. వాడికగా పోసిన ఇళ్లలో అలా కాదు, వాళ్లు చిక్కటి పాల ధర కట్టి నీళ్లు తాగారు. ఆ ఇళ్లు మీకు తెలుసు. వెళ్లి చెప్పి, కొన్ని నెలలు అదనంగా పోయండి. కొందరు తిడతారు, కొందరు వాడిక మానేస్తారు. చంటిబిడ్డలకు ఆ పాలు పట్టిన తల్లి ఏమన్నా పడాలి. మాట పడలేక తలుపు దగ్గర పాలు పెట్టి పారిపోకండి.

అసలు ఎవరో తెలియనివాళ్ల సంగతి సంఖ్యాకాండము 5:8లో ఉంది. తిరిగి పుచ్చుకోవడానికి నష్టపోయినవాడి బంధువు కూడా లేకపోతే, ఆ సొమ్ము యెహోవాకు చెందుతుంది, యాజకుడికి ఇవ్వాలి. మీ దగ్గరే ఉంచుకోవచ్చని మాత్రం ఎక్కడా లేదు. దాన్ని పాలు కొనుక్కోలేని ఇళ్ల బిడ్డలకు చేరేలా చూడండి. కానుకగా ఇచ్చి మైకులో పేరు చదివించుకోవద్దు.

బస్టాండు దగ్గర ఆటో నడుపుతా. కొత్తగా వచ్చే యాత్రికుల దగ్గర డబుల్ తీసుకునేవాణ్ణి. ఈ పని వదిలేయాలా అన్నా?

వదలక్కర్లేదు తమ్ముడూ. సుంకరులు (పన్ను వసూలు చేసేవాళ్లు) వచ్చి అడిగితే బాప్తిస్మమిచ్చు యోహాను ఉద్యోగం మానేయమనలేదు, నిర్ణయించిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులకు మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు (లూకా 3:12-14). అదే స్టాండులో, అదే ఆటోలో, సరైన రేటు చెప్పండి. తోటి డ్రైవర్లు "రేటు పాడుచేస్తున్నావ్" అని గొడవపడతారు, అక్కడ మీకు అసలు పరీక్ష. ఆ యాత్రికులను వెతకలేరు కాబట్టి ఇప్పుడు వచ్చే ముసలివాళ్లను, చంటిపిల్లల తల్లులను ఊరికే దించినా తప్పులేదు.

తిరిగివ్వాలని ఉంది, చేతిలో రూపాయి లేదు.

వెళ్లి ఆ మాటే చెప్పండి. నెలకు ఎంత ఇవ్వగలరో కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఒక మోసం తీర్చడానికి పది రూపాయల వడ్డీకి అప్పు తేవద్దు, ఇంట్లోవాళ్లకు తెలియకుండా బంగారం కుదువ పెట్టొద్దు.

కాళ్లు పట్టుకుని క్షమించమన్నా ఆయన తలుపు వేసేశాడు. ఇంకేం చేయాలి?

ఏమీ చేయకండి. క్షమాపణ అడగడం మీ వంతు, ఇవ్వడం ఆయన ఇష్టం, ఆయనకు ఎంతకాలం కావాలంటే అంతకాలం. మధ్యవర్తులను పంపడం, "బైబిల్లో క్షమించమని ఉంది" అని వచనాలు మెసేజ్ పెట్టడం మళ్లీ గాయం చేయడమే. యాకోబు తాను మోసం చేసిన అన్న ఏశావును కలవడానికి వెళ్లినప్పుడు ముందుగా మందలను పంపాడు, ఏడుసార్లు నేలకు వంగాడు, పరుగెత్తివచ్చి కౌగిలించుకున్నది మాత్రం ఏశావు. ఆ పరుగు ఇవతలివాడు తెప్పించేది కాదు. బాకీ ఉంటే మాత్రం, ఆయన మాట్లాడకపోయినా, బ్యాంకు ఖాతాకు వేసేయండి.

మా అమ్మను చివరి రోజుల్లో సరిగ్గా చూడలేదు. ఆమె పోయింది.

ఆమెకు చేయవలసినది ఇప్పుడు ఆమెకు చేయలేరు, దాన్ని ఒప్పుకోవడం కష్టం. సమాధి దగ్గర గట్టిగా చెప్పుకుని ఏడ్చినా తప్పులేదు. చివరి రోజుల్లో ఆమెను చూసుకున్న అక్కో వదినో ఉంటే, వెళ్లి "నా భారం కూడా నువ్వే మోశావు" అని చెప్పండి. ఆమెకు అప్పులేవైనా మిగిలి ఉంటే తీర్చండి.

## మళ్లీ పడిపోయినప్పుడు

అదే పాపం మళ్లీ మళ్లీ చేస్తున్నా. దేవుడికి విసుగు రాదా?

రోజుకు ఏడుసార్లు తప్పు చేసి ఏడుసార్లు వచ్చి అడిగినా క్షమించమని మనకు చెప్పినవాడు (లూకా 17:4) తాను అంతకంటే తక్కువ క్షమిస్తాడా? లూథరన్ సంఘాలకు మూలమైన మార్టిన్ లూథర్ 1517లో రాసిన 95 సిద్ధాంతాల్లో మొట్టమొదటిదే ఇది: విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపమే కావాలన్నది క్రీస్తు ఉద్దేశం. ఒక్కరోజుతో అయిపోయే పని అని ఎవరైనా చెబితే నమ్మకండి.

దీనితో పాటు బుర్ర కూడా వాడాలి. ఏ గంటలో పడిపోతున్నారు, ఎవరితో ఉన్నప్పుడు, జేబులో ఎంత డబ్బు ఉన్నప్పుడు? రాత్రి ఫోను పక్కన పెట్టుకుని పడుకుంటే పడిపోయేవాడు ఫోను వంటింట్లో పెట్టాలి. ఆన్‌లైన్ పేకాట పిచ్చి ఉన్నవాడు జీతం ఖాతా భార్యకు అప్పగించాలి. "ప్రభువే కాపాడతాడు" అని యాప్ ఫోన్‌లోనే ఉంచుకున్నవాడి ప్రార్థన మీద నాకు అనుమానమే.

నిజంగా మారినవాడు ఒక్క రోజులో మారిపోవాలి కదా?

కొన్ని విషయాల్లో అలా జరుగుతుంది. కొన్నింట్లో చాలా ఆలస్యమవుతుంది. జాన్ న్యూటన్ పేరు వినే ఉంటారు, మన సంఘాల్లో కూడా పాడే ఒక ప్రసిద్ధ ఇంగ్లిష్ కీర్తన ఆయన రాసిందే. 1748లో సముద్రపు తుఫానులో దేవునికి మొర పెట్టాడు, దాన్నే తన మార్పుకు మొదలుగా చెప్పుకున్నాడు. అయితే ఆ తర్వాత కూడా బానిసలను మోసుకెళ్లే ఓడలకు కెప్టెన్‌గా పనిచేశాడు. ఓడ మీద ప్రార్థనలు, కింది అరలో గొలుసులతో మనుషులు. 1754లో మానేసింది కూడా జబ్బు చేసి. ఆ వ్యాపారం ఎంత ఘోరమో బహిరంగంగా ఒప్పుకుంటూ చిన్న పుస్తకం అచ్చువేసింది 1788లో.

ఇది చదివి "అయితే నాకూ టైముంది" అనుకునేవాళ్లున్నారు. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది న్యూటన్ కాదు, ఆ గొలుసుల్లో ఉన్నవాళ్లు. మనకు అసలు పాపంలా కనిపించకుండా, చుట్టూ అందరూ చేస్తున్నారు కాబట్టి మామూలైపోయినది ఏముందో వెతుక్కోవడానికి ఈ కథ పనికొస్తుంది. కట్నం దగ్గర మొదలుపెట్టొచ్చు.

లెంట్‌లో 40 రోజులూ ఉపవాసం ఉంటేనే పశ్చాత్తాపపడినట్టా?

లెంట్ అంటే విభూతి బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా, ఆదివారాలు తీసేస్తే 40 రోజులు. కథోలికులకు తప్పనిసరి ఉపవాసం రెండే రోజులు, విభూతి బుధవారం, శుభ శుక్రవారం, అదీ 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకు. మిగతా సంఘాల్లో ఎవరి తీర్మానం వాళ్లది. షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఉపవాసం ఉండకండి. యెషయా 58వ అధ్యాయంలో ఒక గట్టి మాట ఉంది: ఉపవాసం ఉన్న రోజే పనివాళ్ల చేత చాకిరీ చేయించుకుంటున్నారు అని. మీరు ఉపవాసం ఉంటే మీ ఇంట్లో పనిచేసే ఆమెకు ఆ రోజు పని తగ్గిందా లేదా చూసుకోండి.

## దీనత్వం గురించి

"నేను ఎందుకూ పనికిరానిదాన్ని" అనుకోవడమే దీనత్వమా?

కాదు. యోహాను 13 జాగ్రత్తగా చదవండి. తండ్రి సమస్తం తన చేతికి అప్పగించాడని, తాను దేవుని దగ్గరనుంచి వచ్చానని ఎరిగిన యేసు లేచి, తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగాడు. తన విలువ తెలియక వంగినవాడు కాదు ఆయన. తనను తిట్టుకునే మనిషి కూడా రోజంతా తన గురించే ఆలోచిస్తుంటాడు. దీనుడికి ఎదుటివాడి పాదాలు కనిపిస్తాయి.

స్టేజీ ఎక్కగానే "అల్పుడిని, అయోగ్యుడిని" అంటారు. అది దీనత్వమేనా?

కావచ్చు, అలవాటూ కావచ్చు. కూటం అయ్యాక "అయ్యగారూ, సౌండు ఎక్కువైంది, పక్కింట్లో పరీక్షలు రాసే పిల్లలున్నారు" అని చెప్పి చూడండి. తెలిసిపోతుంది.

నా భర్త తాగి కొడతాడు, పొద్దున్నే మోకాళ్ల మీద క్షమాపణ అడుగుతాడు. తగ్గించుకుని భరించమంటున్నారు. భరించాలా?

భరించక్కర్లేదు అమ్మా. క్షమించడం వేరు, దెబ్బలకు అందేచోట ఉండటం వేరు. దావీదు సౌలు మీద చెయ్యి ఎత్తలేదు, కానీ ఈటె విసిరితే తప్పుకున్నాడు, ఇల్లు వదిలి పారిపోయాడు. ఆయన పశ్చాత్తాపం నిజమైతే మీరు పుట్టింట్లో ఉన్నప్పుడూ అది కొనసాగుతుంది, తాగుడుకు వైద్యం మొదలవుతుంది, "ఎప్పుడొస్తావ్" అని ఒత్తిడి చేయకుండా ఉంటాడు. మహిళల సహాయానికి 181, అత్యవసరమైతే 112. గృహహింస నుంచి రక్షణకు 2005 నాటి చట్టం ఉంది. దెబ్బలు తినడాన్ని దీనత్వమని బోధించేవాళ్ల మాట వినొద్దు, వాళ్లు ఎంత పెద్ద దైవజనులైనా సరే.

ఇంటర్వ్యూలో నా గురించి గొప్పగా చెప్పుకోవాలి కదా, అది గర్వమా?

వచ్చిన పనిని వచ్చని చెప్పడం నిజం చెప్పడమే. రానిది వచ్చని చెబితే అబద్ధం. టెన్షన్ పడకుండా వెళ్లండి.

## మన ఊళ్లో, మన సంఘంలో

మా పక్కింటివాళ్లు మోకాళ్ల మీద మెట్లెక్కుతారు, తలనీలాలు ఇస్తారు. మనవాళ్లు కొందరు ఎగతాళి చేస్తారు. అది సరైనదేనా?

సరైనది కాదు. అలిపిరి దారిలో మోకాళ్ల పర్వతం దగ్గర వాళ్లు పడే శ్రమ వాళ్ల భక్తి. మన నమ్మకం వేరు అని చెప్పడానికి ఎగతాళి అక్కర్లేదు. రోములో స్కాలా సాంక్టా అనే 28 మెట్లను కథోలిక యాత్రికులు ఇప్పటికీ మోకాళ్ల మీదే ఎక్కుతారు. 1510-11లో రోము వెళ్లినప్పుడు లూథర్ కూడా ఎక్కాడు. నీనెవె రాజు గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చున్నాడు. బయటి గుర్తులు మనకూ ఉన్నాయి. యోవేలు "మీ వస్త్రములను కాక మీ హృదయములను చింపుకొనుడి" అన్నది పక్కింటివాళ్లతో కాదు, సొంత జనంతో.

మారుమనస్సు పొందిన సంఘంలో కూడా కులం ఎందుకు కనిపిస్తోంది?

ఒక్కొక్కరూ తాగుడు, అబద్ధం, సినిమా గురించి పశ్చాత్తాపపడి, దీన్ని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, పేదవాడికి కింద చోటు ఇవ్వడాన్ని యాకోబు 2వ అధ్యాయం నేరుగా పాపం అంటుంది. ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుని, సంబంధం అనేసరికి కులం అడిగే ఇళ్లు మన మధ్య ఉన్నాయి. సంఘ కమిటీలో ఎవరున్నారు, ఎవరింట్లో భోంచేస్తాం, ఎవరింట్లో టీ కూడా తాగం అనేవి ఎవరికివారు చూసుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

పాస్టర్ గారే తప్పు చేస్తే? "అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" అంటున్నారు.

1 తిమోతి 5:19-20 చదవండి. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద ఫిర్యాదు తీసుకోవద్దు అంటుంది. రుజువైతే అందరి ఎదుట గద్దించమనీ అంటుంది. రెండూ పాటించాలి. నాతాను వెళ్లి "ఆ మనుష్యుడవు నీవే" అన్నది అభిషేకం పొందిన రాజుతోనే. తప్పు ఒప్పుకున్న సేవకుడు వచ్చే ఆదివారమే మళ్లీ ప్రసంగ వేదిక ఎక్కాలని రూలేమీ లేదు. డబ్బు విషయమైతే లెక్కలు బయటివాళ్లతో ఆడిట్ చేయించండి.

నన్ను మోసం చేసినవాడు బాప్తిస్మం తీసుకుని సాక్ష్యాలు చెబుతున్నాడు. ఇప్పుడు నా బాకీ అడిగితే నేను క్షమించనట్టు అవుతుందా?

అవ్వదు, అడగండి. ఒనేసిము అనే బానిస మారాక పౌలు అతన్ని యజమాని ఫిలేమోను దగ్గరికే తిప్పి పంపాడు. అతను నీకు ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేయి, నేనే తీరుస్తానని సొంత చేత్తో రాసి ఇచ్చాడు (ఫిలేమోను 18-19). బాకీ మాయమైందని అనలేదు. ఆ సంఘం పెద్ద ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లి, నలుగురిలో కాకుండా ఇంట్లో మాట్లాడండి. వదిలేయాలనిపిస్తే వదిలేయవచ్చు, అది మీ ఇష్టం, అతని హక్కు కాదు.

ప్రామిసరీ నోటు ఉంటే తేదీ చూసుకోండి. మామూలు నోటుకు గడువు రాసిన రోజు నుంచి మూడేళ్లు. ఆ గడువు దాటకముందే అతను బాకీ ఒప్పుకుంటూ తేదీ వేసి సంతకం పెడితే మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. నిజంగా మారినవాడైతే ఆ సంతకానికి వెనకాడడు.